వసంతంలో పిట్టల ట్రిప్: ఏ రాత్రి ఎంత ఎత్తులో?

ఫిబ్రవరి చివరికల్లా పక్షి వీక్షణ ట్రిప్పుల ప్రకటనలు వరస కడతాయి. అరుణాచల్, సిక్కిం, నాగాలాండ్, ఉత్తరాఖండ్... ఏది చూసినా పైన ఒక రంగుల పిట్ట ఫొటో, కింద "మూడు వందలకు పైగా జాతులు" అన్న మాట ఉంటుంది. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో సెలవు పెట్టి, విమానం టికెట్లు కొనుక్కుని వెళ్లే మనిషి మనసులో మాత్రం మూడు వందల పిట్టలు ఉండవు. రెండో మూడో ఉంటాయి. మిగతావన్నీ కనపడి అవి కనపడకపోతే తిరుగు ప్రయాణంలో ఆ వెలితి అలాగే ఉండిపోతుంది. అయినా ట్రిప్పు ఎంచుకునేటప్పుడు ఎక్కువమంది చూసేది జాతుల సంఖ్య, ఆ తర్వాత ధర. నిజానికి ముందు చూడాల్సింది రోజువారీ పట్టిక: ఏ తేదీన, ఎంత ఎత్తులో, ఎన్ని రాత్రులు బస. ఏ పిట్ట దొరకవచ్చో, ఏది దొరకదో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

అరుణాచల్‌లోని ఈగల్‌నెస్ట్ అభయారణ్యాన్నే తీసుకుందాం. పశ్చిమ కామెంగ్ జిల్లాలో 218 చదరపు కిలోమీటర్ల అడవి. అడుగున 500 మీటర్ల ఎత్తు, పైన 3,250 మీటర్లు. ఆ పై నుంచి ఈ కింది దాకా అడవి మధ్యలోంచి ఎప్పుడో సైన్యం వేసిన మట్టిరోడ్డు ఒకటి ఉంది. వాహనాల రద్దీ లేదు. ట్రెక్కింగ్ చేయకుండా, జీపు దిగి రోడ్డు మీదే నడుస్తూ ఇన్ని ఎత్తుల అడవిని చూడగలిగే చోట్లు హిమాలయాల్లో చాలా తక్కువ. మోకాళ్ల నొప్పులున్న పక్షి ప్రియులకు ఇది వరమే.

ఈ అడవికి ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చింది బుగున్ లియోసిక్లా అనే పిట్ట. వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రవేత్త అయిన రమణ ఆత్రేయ దీన్ని 1995లో మొదటిసారి చూశారు. 2006లో కొత్త జాతిగా ప్రకటించారు. భారతదేశంలో ఇలా ఒక కొత్త పక్షి బయటపడి అప్పటికి అర్ధశతాబ్దం దాటింది. మామూలుగా కొత్త జాతిని వర్ణించాలంటే ఒక పిట్టను చంపి మ్యూజియంలో పెడతారు. ఉన్నవే కొద్ది పిట్టలు కనుక ఇక్కడ ఆ పని చేయలేదు. వలలో పడిన పిట్టను కొలిచి, ఫొటోలు తీసి, రాలిన ఈకలు దాచుకుని వదిలేశారు. ఆ కొండల్లో ఉండే బుగున్ తెగ పేరే దానికి పెట్టారు. నల్ల టోపీ, కంటి ముందు పసుపు మరక, రెక్కల మీద ఎరుపు, పసుపు, తెలుపు గీతలు. అంతర్జాతీయ లెక్కల్లో ఇది తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. తెగవాళ్లు తమ అడవిలో కొంత భాగాన్ని ఇవ్వగా 2017లో సింగ్‌చుంగ్ బుగున్ గ్రామ సముదాయ రిజర్వు ఏర్పడింది. ఈ పిట్ట కోసం చేసే ప్రయత్నమంతా ఆ రిజర్వు, దాని పక్కనే ఉన్న లామా క్యాంపు చుట్టుపక్కలే.

లామా క్యాంపు సుమారు 2,350 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఈగల్‌నెస్ట్ పాస్ అనే కనుమ దాటి అవతలి వైపు దిగితే 1,940 దగ్గర బొంపూ, ఇంకా దిగితే 1,250 దగ్గర సెస్నీ, ఆ కింద 750 దగ్గర ఖెలాంగ్. ఒక్కో చోట ఒక్కో రకం పిట్టలు. లియోసిక్లా కావాలంటే లామాలోనే పడుకోవాలి. వార్డ్స్ ట్రోగన్ అనే అరుదైన పిట్టకి, ట్రాగోపాన్ కోళ్లకి బొంపూ మేలు. బొంపూ నుంచి పైకి, పాస్ వైపు టెమ్మింక్స్ ట్రాగోపాన్. కిందికి, సెస్నీ వైపు ఎక్కువగా బ్లిత్స్ ట్రాగోపాన్. ఎర్రమెడ హార్న్‌బిల్ చూడాలంటే సెస్నీ వైపు కిందికి దిగడం మేలు. బ్యూటిఫుల్ నట్‌హ్యాచ్ అనే నీలం పిట్ట కూడా ఆ కింది వైపే, అదీ అదృష్టముంటేనే.

ఇప్పుడు ఒక మామూలు పది రోజుల ప్యాకేజీ చూడండి. గువాహటిలో దిగడం, అస్సాంలోని నామేరి అడవిలో ఒకటిన్నర రోజు, ఈగల్‌నెస్ట్‌లో రెండు రాత్రులు, దిరాంగ్, సేలా పాస్, తవాంగ్ చుట్టి వెనక్కి. మ్యాప్ మీద ముచ్చటగా ఉంటుంది. అందులో మొదటి రోజు, చివరి రోజు ప్రయాణానికే పోతాయి. తవాంగ్ వెళ్లి రావడానికి ఇంకో రెండు రోజులు కారులోనే. ఈగల్‌నెస్ట్‌లో ఆ రెండు రాత్రులూ లామాలోనే అయితే ట్రోగన్‌ను మర్చిపోవచ్చు, రెండూ బొంపూలో అయితే లియోసిక్లా ఆశ సన్నగిల్లినట్లే. ఇదే ధరకి తవాంగ్ లేకుండా లామాలో రెండు, బొంపూలో మూడు రాత్రులు ఇచ్చే ట్రిప్పు దొరికితే జాతుల సంఖ్య తక్కువ కనిపించినా అదే మంచి బేరం. తవాంగ్ మఠం చూడాలనుంటే కుటుంబంతో ఇంకోసారి వెళ్లవచ్చు. పిట్టల ట్రిప్పులో గుళ్లూ గోపురాలూ కలిపితే ఇంట్లో వాళ్లు ఒప్పుకుంటారేమో కానీ పిట్టలు ఒప్పుకోవు.

బస క్యాంపులోనా, ఊళ్లో హోటల్లోనా అన్నది కూడా చిన్న సంగతి కాదు. ఈశాన్యంలో మన గడియారం ప్రకారం ఏప్రిల్ చివర్లో ఐదు కాకముందే తెల్లవారుతుంది. ట్రాగోపాన్ కూసేది ఆ మసక వెలుతురులోనే. తొలి రెండు మూడు గంటలు అడవి మొత్తం మోగిపోతుంది, ఎండెక్కితే సద్దుమణుగుతుంది. టెంగాలోనో దిరాంగ్‌లోనో వేడినీళ్లున్న హోటల్లో పడుకుని, ఏడున్నరకి పూరీలు తిని బయల్దేరే ట్రిప్పులో ఆ గంటలు రోడ్డు మీదే గడిచిపోతాయి. క్యాంపులో చలి ఉంటుంది, బాత్రూమ్ టెంటు బయట ఉంటుంది, రాత్రి కరెంటు మీద ఆశ పెట్టుకోకూడదు. ఆ ఇబ్బందికే డబ్బు కడుతున్నాం అనుకోవాలి.

ఇక తేదీలు. వసంతం అని ఒకే మాటలో అంటాం కానీ, మార్చి మొదటి వారానికీ ఏప్రిల్ చివరి వారానికీ పిట్టల విషయంలో చాలా తేడా ఉంది. నామేరి దగ్గర జియా భరలి నదిలో ఇబిస్‌బిల్ అనే పక్షి ఉంటుంది. బూడిదరంగు గులకరాళ్ల మధ్య అదే రంగులో నిలబడి, వంకర ముక్కుతో రాళ్ల కింద పురుగులు ఏరుకుంటుంది. కదిలితే తప్ప కంటికి ఆనదు. ఇది చలికాలపు అతిథి. ఎండలు ముదిరేకొద్దీ ఎగువ నదుల వైపు వెళ్లిపోతుంది. అక్కడి అడవి గుంటల్లో ఉండే తెల్లరెక్కల బాతు, అంటే అస్సాం రాష్ట్ర పక్షి, దానికీ చలికాలం నుంచి మార్చి దాకానే మంచి సమయం. పడవలో నది దాటి, తుపాకీ పట్టుకున్న ఫారెస్ట్ గార్డు వెంట చప్పుడు చేయకుండా గుంటల దాకా నడవాలి. ఈ రెండూ కావాలంటే మార్చి మొదట్లోనే వెళ్లాలి. కానీ అప్పటికి పైన సేలా దగ్గర మంచు ఉంటుంది. 4,100 మీటర్లు దాటిన ఆ పాస్ ఒక్కోసారి మూసేస్తారు కూడా. ట్రోగన్లు ఇంకా సరిగ్గా కూయవు, వలస కోకిలలు రానే రావు.

ఏప్రిల్‌లో లెక్క తిరగబడుతుంది. ఎత్తైన అడవుల్లో రోడోడెండ్రాన్లు పూస్తాయి, ఆ పూల తేనె కోసం ఫైర్‌టెయిల్డ్ మైజోర్నిస్ అనే పచ్చపిట్ట దిరాంగ్ పైన ఉన్న మండలా రోడ్డు మీద అందుబాటు ఎత్తులో తిరుగుతుంది. ట్రోగన్ కూత మొదలవుతుంది. వానలూ మొదలవుతాయి. వానతో జలగలు, కొండచరియలు. మే వచ్చేసరికి ఒక్కోసారి రోజంతా పొగమంచులో గొడుగు కింద నిలబడాలి. ట్రాగోపాన్, ట్రోగన్, లియోసిక్లా ఈ మూడే గురి అయితే ఏప్రిల్ రెండు, మూడు వారాలను మించినవి లేవు. ఆ తేదీల్లో ఇబిస్‌బిల్ కూడా చూపిస్తామని ప్రకటనలో రాసి ఉంటే, రాసినవాళ్లు పాత పేజీని కాపీ చేశారనే అనుకోవాలి.

దీన్ని సరిచూసుకోవడం కష్టం కాదు. పక్షి వీక్షకులు తాము చూసినవి నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఏ జిల్లాకైనా వారాల వారీగా ఏ పిట్ట ఎంత తరచుగా నమోదైందో బార్ల రూపంలో ఉచితంగా కనిపిస్తుంది. మీరు కోరుకున్న పిట్ట బార్ ఏ వారంలో లావెక్కుతుందో చూస్తే పది నిమిషాల పని. అక్కడ నమోదు ఉందంటే కంటితో చూశారని కాదు, కూత విన్నా లెక్కే. ట్రాగోపాన్ విషయంలో ఈ తేడా పెద్దది. మగకోడి తెల్లవారుజామున పసిపిల్ల ఏడుపులా సాగదీసి కూస్తుంది, ఆ గొంతు లోయంతా వినపడుతుంది. కోడి మాత్రం వెదురుపొదలోంచి అడుగు బయట పెట్టదు. అందుకే నిర్వాహకుణ్ణి అడిగేటప్పుడు "ఉంటుందా" అని అడిగి లాభం లేదు. "పోయిన ఏప్రిల్‌లో మీ గ్రూపుకి కనపడిందా, వినపడిందా? ఎంతమందికి?" అని అడగాలి. నిజాయితీ ఉన్నవాళ్లు ఈ మూడో ప్రశ్న దగ్గర కొంచెం ఆలోచిస్తారు.

ఎంతమందికి అన్న మాట ఊరికే అనలేదు. ఈగల్‌నెస్ట్ లాంటి అడవిలో పిట్టలు ఎక్కువగా కలగలుపు గుంపులుగా తిరుగుతాయి. అరగంట నిశ్శబ్దం తర్వాత ఒక్కసారిగా కొమ్మలన్నీ కదులుతాయి. యుహినాలు, సిబియాలు, ఫుల్వెటాలు, మధ్యలో ఎక్కడో మీరు ఎదురుచూస్తున్న ఆ ఒక్కటీ. గైడ్ గొంతు తగ్గించి "ఎడమవైపు, నాచు పట్టిన మాను, రెండో చీలిక, కొంచెం వెనక" అంటాడు. మొదటి మనిషి బైనాక్యులర్ ఎత్తేలోగా పిట్ట ఇంకో కొమ్మకి మారుతుంది. నలుగురికి చూపించేసరికి గుంపు లోయలోకి దిగిపోతుంది. ఆరో మనిషికి ఆకులే మిగులుతాయి. ఒక గైడ్‌కి నలుగురు దాటితే, ప్రత్యేకించి ఒక పిట్ట కోసం వెళ్లేవాళ్లకి అది మంచి ట్రిప్పు కాదు. ఎనిమిది మందికి ఒక గైడ్ అయితే తలకి ఖర్చు తగ్గుతుంది, దానితో పాటు చూసే అవకాశమూ తగ్గుతుంది. గ్రూపులో కెమెరా వాళ్లెంతమంది, బైనాక్యులర్ వాళ్లెంతమంది అన్నదీ అడగాలి. ఫొటో తీసేవాళ్లకి ఒకే పిట్ట దగ్గర గంట నిలబడాలని ఉంటుంది, చూసేవాళ్లకి ముందుకు నడవాలని ఉంటుంది. ఈ పేచీ రెండో రోజుకే బయటపడి, ఐదో రోజుకి భోజనాల దగ్గర మాటలు తగ్గే దాకా వస్తుంది.

గైడ్ ఎవరన్నది కంపెనీ పేరు కంటే ముఖ్యం. పెద్ద పేరున్న నిర్వాహకులు కూడా రద్దీ సీజన్లో ఒకేసారి మూడు గ్రూపులు పంపుతారు. ప్రకటనలో ఫొటో ఉన్న గైడ్ మీ గ్రూపుతో రాకపోవచ్చు. మా తేదీలకి వచ్చే గైడ్ ఎవరు, అక్కడ ఎన్ని సీజన్లు చేశాడు అని రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అతనితో పాటు స్థానిక మనిషి ఉన్నాడా లేడా అన్నదీ తేలాలి. నిన్న సాయంత్రం లియోసిక్లా ఏ మలుపు దగ్గర తిరిగిందో తెలిసేది లామా క్యాంపులో ఉండే బుగున్ కుర్రాళ్లకే. బయటి నుంచి వచ్చే నిపుణుడికి కూతలన్నీ తెలిసినా, ఈ కబురు తెలియదు.

వసంతంలో పిట్టలు ఎందుకు బాగా కనపడతాయో గుర్తుంచుకుంటే ఇంకో విషయం అర్థమవుతుంది. ఇది జత కట్టే కాలం. మగపిట్ట తన హద్దులు చాటుకోవడానికి కూస్తుంది, పోటీకి ఎవరో వచ్చారనుకుంటే బయటికి వస్తుంది. గైడ్లు ఫోన్లో రికార్డు చేసిన కూత వినిపించేది ఈ బలహీనతను వాడుకోవడానికే. ఒకసారి రెండుసార్లు అయితే పెద్ద నష్టం ఉండదనే వాదన ఉంది. కానీ లియోసిక్లా లాంటి కొద్ది జతలు మాత్రమే మిగిలిన పిట్ట దగ్గరికి ఏప్రిల్ అంతా గ్రూపు తర్వాత గ్రూపు వచ్చి అదే కూత వినిపిస్తే, అది తిండి మానేసి లేని శత్రువు కోసం వెతుకుతూ కూర్చుంటుంది. ఈ ప్లేబ్యాక్ ఎలా వాడతారని ముందే అడిగితే గైడ్ తీరు తెలిసిపోతుంది. గూళ్ల విషయంలో అయితే సందేహమే అక్కర్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకిచ్చిన నిర్వచనంలోకే పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా వస్తాయి. గూటి ఫొటోలు గొప్పగా పెట్టుకున్న ప్రకటన కనపడితే ఆ నిర్వాహకుణ్ణి పక్కన పెట్టేయడమే మంచిది.

అన్ని పిట్టలకీ ఇంత హంగామా అక్కర్లేదు. ట్రాగోపాన్లలోనే చూడండి. శాటిర్ ట్రాగోపాన్ కోసం డార్జిలింగ్ వైపు సింగలీలాకి ఏప్రిల్‌లో జీపు మీదే వెళ్లవచ్చు. వెస్ట్రన్ ట్రాగోపాన్ హిమాచల్ రాష్ట్ర పక్షి, స్థానికులు జుజురానా అంటారు, పక్షుల రాజు అని. దాని కోసం గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్‌లో నిటారు దారిలో ఎక్కి గుడారాల్లో ఉండాలి. హిమాలయన్ మొనాల్ మాత్రం ఉత్తరాఖండ్‌లోని చోప్తా దగ్గర తుంగనాథ్ దారిలో యాత్రికుల మధ్యే గడ్డి తవ్వుకుంటూ కనిపిస్తుంది. దానికి ఖరీదైన గైడెడ్ ట్రిప్ కొనడం దండగ.

నైనితాల్ దగ్గర సాత్తాల్‌లోనూ, కర్ణాటకలో దాండేలి దగ్గర గణేశ్‌గుడిలోనూ పద్ధతి వేరు. అక్కడ హైడ్‌లో, అంటే పిట్టలకి కనపడకుండా కట్టిన చాటులో కూర్చుంటే పిట్టలే దగ్గరికి వస్తాయి. గణేశ్‌గుడిలో మార్చి నుంచి మే దాకా అడవి ఎండిపోయి, నీళ్లు పెట్టిన తొట్ల దగ్గరికి పిట్టలు స్నానానికి దిగుతాయి. మన ప్రాంతం వాళ్లకి దగ్గర, తక్కువ ఖర్చు, మంచి ఫొటోలు. కేరళ తట్టేకాడ్‌లో ఫ్రాగ్‌మౌత్ పగలంతా ఒకే కొమ్మ మీద ఎండుటాకులా కదలకుండా ఉంటుంది. ఆ కొమ్మ ఏదో తెలిసిన స్థానిక గైడ్ ఉంటే ఒక పూట చాలు, లేకపోతే వారం తిరిగినా దొరకదు. గైడ్‌కిచ్చే ప్రతి రూపాయీ గిట్టుబాటయ్యే పిట్ట ఇదే.

ఆంధ్రలో హార్స్‌లీ హిల్స్ రాళ్ల మధ్య ఉండే పసుపుగొంతు పిగిలిపిట్ట దక్షిణ భారతంలో తప్ప ఎక్కడా లేదు. దానికి ఒక ఉదయం, ఓపిక చాలు. కడప జిల్లా కలివికోడి సంగతి వేరు. 1900 తర్వాత కనపడకుండాపోయి, 1986లో మళ్లీ దొరికిన ఆ పిట్టను చూపిస్తామని ఎవరైనా ట్రిప్పు అమ్మితే నమ్మకూడదు, కొనకూడదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు పెద్ద ట్రిప్పుకి ముందు హైదరాబాద్‌లో డెక్కన్ బర్డర్స్ లాంటి బృందాలతో కొన్ని ఆదివారాలు తిరిగితే మంచిది. బైనాక్యులర్‌లో పిట్టను వెంటనే పట్టుకోవడం అలవాటు కాకుండా ఈగల్‌నెస్ట్ వెళితే ఆ ఆరో మనిషి మీరే అవుతారు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఇదే ప్రశ్న ఇంకోలా ఎదురవుతుంది. హ్యూస్టన్‌కి తూర్పున సముద్రం ఒడ్డున ఉన్న హై ఐలండ్‌కి ఏప్రిల్‌లో వార్బ్లర్లు అనే చిన్న వలస పిట్టలు మెక్సికో గల్ఫ్ దాటి వస్తాయి. గాలి అనుకూలంగా ఉంటే ఆగకుండా లోపలికి ఎగిరిపోతాయి. ఉత్తరపు గాలి, వాన ఎదురైతే అలసిపోయి తీరంలో మొదట కనపడిన చెట్ల మీదే వాలిపోతాయి. ఆ రోజు చెట్లు రంగులతో నిండిపోతాయి, మర్నాడు ఖాళీ. హ్యూస్టన్లోనే ఉంటూ మూడు నెలల ముందు తేదీ ఖాయం చేసుకుని ట్రిప్పు కొనడం అందుకే అనవసరం. వాతావరణం చూసుకుని కారేసుకుని వెళ్లడమే నయం. మిషిగన్‌లో కర్ట్‌లాండ్స్ వార్బ్లర్‌కి ఇది పూర్తిగా వ్యతిరేకం. లేత జాక్‌పైన్ చెట్లున్న చోటే అది గూడు కడుతుంది. 2019లో అమెరికా అంతరించిపోయే జాతుల జాబితా నుంచి బయటపడినా దాని సంరక్షణ పనులు ఆగలేదు. మే చివర, జూన్‌లలో గ్రేలింగ్ పరిసరాల్లో గైడ్ వెంట ఒక పూట వెళితే చాలు.

మళ్లీ అరుణాచల్ విషయానికొస్తే, అక్కడికి మనదేశం వాళ్లకి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, అది ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లకి, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది సరిపోదు. ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ కావాలి. దాన్ని సాధారణంగా గుర్తింపు ఉన్న టూర్ ఏజెంటు ద్వారానే తీసుకోవాలి, సమయం పడుతుంది. ధర పోల్చేటప్పుడు పర్మిట్లు, అభయారణ్యం రుసుము, కెమెరా రుసుము, నాలుగు చక్రాలూ లాగే బండి, స్థానిక గైడ్ కూలీ ఇవన్నీ కలిపారా లేదా చూడాలి. చౌకగా కనపడే ప్యాకేజీల్లో ఇవి అక్కడికెళ్లాక బయటపడతాయి. కొండచరియ పడి రోడ్డు మూసుకుపోతే ఆ అదనపు రాత్రి ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోవాలి. గువాహటి నుంచి తిరుగు విమానం కొండ దిగిన రోజు సాయంత్రానికి కాకుండా మర్నాటికి పెట్టుకోవడం క్షేమం. చివరగా, మూడో రోజు దాకా ట్రోగన్ కనపడకపోతే ఏం చేస్తారు అని అడగండి. "దిరాంగ్‌లో ఒక రాత్రి తగ్గించి బొంపూలోనే ఉండిపోదాం, గ్రూపులో అందరూ ఒప్పుకుంటే" అన్న జవాబు వస్తే అడ్వాన్సు కట్టేయవచ్చు.